రాయడమంటే డైలాగులేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో వేసిన 'మరపురాని సన్నివేశాలు' చదివాను. ఎంపిక బాగానే ఉంది గానీ, దాదాపు అన్నీ డైలాగు పేలిన సీన్లే. సినిమా రచన అంటే మాటలేనా అని అడగాలనిపించి ఈ ఉత్తరం.

నేను సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. క్యాబిన్‌లో మెషిన్ చప్పుడుకి మాటలు సగం వినపడవు. అయినా ఏ సీన్లో బలముందో చిన్న అద్దంలోంచి చూస్తుంటే తెలిసిపోయేది. కింద జనం కదలడం మానేసేవారు.

'సాగర సంగమం' (1983)లో బ్రోచర్ సీను అలాంటిది. ఢిల్లీలో జరగబోయే నృత్యోత్సవం పుస్తకాన్ని మాధవి నాట్యకారుడు బాలకృష్ణ (కమల్ హాసన్ పాత్ర) చేతిలో పెడుతుంది. అతను పేజీలు తిప్పుతూ పెద్ద పెద్ద కళాకారుల ఫొటోలు చూసి మురిసిపోతుంటాడు. వాళ్లని చూసే భాగ్యం దొరికిందన్నంత సంబరం. ఇంకో పేజీ తిప్పితే తన ఫొటో! 'మీకూ అవకాశం వచ్చింది' అని మాధవి చేత చెప్పిస్తే ఒక్క ముక్కలో అయిపోయేది. దర్శకుడు విశ్వనాథ్ గారు ఆ కబురుని పేజీల మధ్య దాచారు. అతని ఫొటో ముందు పేజీలోనే ఉంటే సీనే లేదు. అక్కడ అతన్ని అంత ఎత్తుకి తీసుకెళ్లారు కాబట్టే, తల్లి పోయి ఆ వేదిక ఎక్కలేకపోయినప్పుడు మనకి గుండె చెరువవుతుంది. ఈ సినిమాకి మాటలు రాసింది జంధ్యాల గారు. మాటలతో ఆడుకోగల మనిషి, ఎక్కడ కలం ఆపాలో కూడా తెలిసినవాడు.

'మాయాబజార్' (1957)లో రచయిత పింగళి వారి ప్రియదర్శిని పెట్టె చూడండి. తెరిచినవాళ్లకి ఇష్టమైనది కనిపిస్తుంది. రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు, శశిరేఖకు అభిమన్యుడు. పెళ్లి గొడవ మొత్తానికి బీజం అక్కడే పడింది. కృష్ణుడికి మాత్రం శకుని కనిపిస్తాడు. మనం నవ్వుకుంటాం, ఆ పాచికలు ఎంతపని చేస్తాయో తర్వాత గానీ తెలియదు.

పాతవే చెబుతున్నాడు ముసలాయన అనుకోకండి. 'జెర్సీ' (2019)లో రంజీ క్రికెట్ జట్టులో చోటు దొరికాక హీరో అర్జున్ రైల్వే స్టేషన్‌కి వెళ్లి, రైలు వచ్చేదాకా ఆగి, ఆ మోతలో గొంతు చించుకుని అరుస్తాడు. ఆ సంతోషాన్ని నలుగురిలో చూపించుకునే మనిషి కాదని మనకి ఎవరూ చెప్పరు. చెప్పనక్కర్లేదు.

మాటలు వద్దనడం లేదు. 'బొమ్మరిల్లు' (2006) చివర్లో కొడుకు తండ్రితో మాట్లాడేది పేజీల కొద్దీ డైలాగే. ఆ కుర్రాడు అప్పటిదాకా తండ్రి దగ్గర నోరెత్తకుండా ఉండటం చూశాం కాబట్టే అది అంత పండింది.

అందుకే నా మనవి. మీ రివ్యూల్లో 'సంభాషణలు ఫర్వాలేదు' అని ఒక్క లైన్‌తో సరిపెట్టకుండా, వారానికి ఒక సీను తీసుకుని, దానికి ముందు ఎక్కడెక్కడ ఏం అమర్చారో విప్పి చెప్పండి. రచయిత పేరు కూడా వేయండి. స్థలం చాలదంటారేమో, హీరో ఫొటో కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక మాజీ ఆపరేటర్