గొంతు నడిమధ్య నుంచి రావాలి

చిన్నీ,

టేబుల్ మీదికి స్పీకర్లు కొనుక్కుంటున్నానని, ఏవి తీసుకోవాలో చెప్పమని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయడం నాకు ఇష్టం లేకపోయింది. రికార్డు చేసిన ప్రసంగాలూ ఇంటర్వ్యూలూ విని టైపు చేయడమే ఇన్నేళ్లుగా నా పని కదా. రోజుకు ఆరేడు గంటలు నా ఎదురుగా ఉండేవి ఆ రెండు డబ్బాలే. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను మొదట కొన్న సెట్టులో రెండు చిన్న స్పీకర్లు, కింది స్వరాలు మోగించే ఒక పెద్ద వూఫర్ ఉండేవి. ఆన్ చేయగానే గది దద్దరిల్లింది, ఎంత మురిసిపోయానో. వారం తిరక్కుండానే ఒక పెద్దాయన జ్ఞాపకాలు టైపు చేసి పంపిస్తే, ఆయన కూతురు ఒక వాక్యం కింద గీత గీసి వెనక్కి పంపింది. నేను ‘ఆ బాట మాకు ముందే తెలుసు’ అని కొట్టాను. ఆయన అన్నది ‘ఆ పాట మాకు ముందే తెలుసు’ అని. మళ్లీ స్పీకర్లలో విన్నాను. బాటే వినపడింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే స్పష్టంగా పాట. చూస్తే వూఫర్ నాబ్ దాదాపు చివరిదాకా తిప్పి ఉంది. పెద్దాయన గొంతులోని బరువంతా ఉబ్బిపోయి, ప కీ బ కీ ఉన్న ఆ సన్నటి తేడాను మింగేసింది. నాబ్ బాగా తగ్గించాక అవే స్పీకర్లలో పాట పాటగానే వినపడింది. అప్పటి నుంచి ఏ స్పీకరునైనా ముందు మనిషి గొంతుతోనే పరీక్షిస్తాను.

నువ్వూ అలాగే చెయ్యి. అమ్మేవాళ్లు వినిపించే పాటలో డప్పులూ మోతలూ ఎక్కువ ఉంటాయి, ఏ స్పీకరైనా అందులో గొప్పగానే అనిపిస్తుంది. నీకు బాగా తెలిసిన మనిషి మాట ఒకటి ఫోన్లో తీసుకెళ్లు. అందులో ‘విశేషం’, ‘సంతోషం’ లాంటి మాటలు ఉంటే మరీ మంచిది. స, శ, ష వేరువేరుగా వినపడాలి, కానీ చెవిలో సూదిలా దిగకూడదు. స అక్షరం జీవమంతా 4,000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలనే లెక్క) పైనే ఉంటుంది. అక్కడ స్పీకరు కాస్త రెచ్చిపోయినా పది నిమిషాలు ‘ఆహా, ఎంత క్లియర్‌గా ఉంది’ అనిపిస్తుంది, రెండు గంటలకి తల పట్టుకుంటుంది. నువ్వు రోజంతా వీడియోలు ఎడిట్ చేస్తూ కూర్చునే పిల్లవి. నీకు మొదటి పది నిమిషాల కంటే ఆ రెండో గంటే ముఖ్యం.

డబ్బా మీద వేసే వాట్ల అంకె చూసి టెన్షన్ పడకు. పీఎంపీఓ అని వందలకు వందలు వేస్తారు, దానికి అర్థం లేదు. ఆర్ఎంఎస్ అని ఉన్న అంకె, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఒక్కటే చూడు, అది కూడా పెద్దది కానక్కర్లేదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ (మోతను కొలిచే లెక్క), అంటే పెరిగిందని తెలిసేంత మాత్రమే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. నువ్వు కూర్చునేది స్పీకర్లకు మూరెడు, మూరన్నర దూరంలో. అంత దగ్గరలో మామూలుగా వినడానికి ఒక వాటు కూడా ఖర్చు కాదు.

2.0 తీసుకోవాలా 2.1 తీసుకోవాలా అన్నావు. చుక్క తర్వాత ఒకటి ఉంటే వేరే వూఫర్ ఉందని అర్థం, అంతే. నా సలహా 2.0. వూఫర్‌తో పంచుకోకుండా ఆ డబ్బంతా రెండు మంచి స్పీకర్ల మీద పెట్టు. ఒక్కోదానిలో నాలుగు అంగుళాల కోను (అదిరి ధ్వని పుట్టించే గరాటు లాంటి భాగం), పైన సన్నటి స్వరాల కోసం వేరే ట్వీటరు ఉన్నవైతే నీ పనికి సరిపోతాయి. మగవాళ్ల గొంతు అడుగు స్థాయి 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాన్ని పలికించలేని చిన్న స్పీకర్లలో కూడా మనకు నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడుతుంది, ఎందుకో తెలుసా? పై స్వరాలను బట్టి ఆ అడుగు స్వరాన్ని మన మెదడే నింపుకుంటుంది. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. కానీ అలా నింపుకోవడానికీ నిజంగా వినడానికీ తేడా ఉంది. నాలుగు అంగుళాల కోను ఆ తేడాను చాలావరకు తీరుస్తుంది. సంగీతం కోసం వూఫర్ కావాలని ముచ్చటపడితే తర్వాత కొనుక్కోవచ్చు, వెనకాల దానికి సాకెట్ ఉన్న స్పీకర్లు చూసుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏది కొన్నావన్నది సగమే, ఎక్కడ పెట్టావన్నదే మిగతా సగం. చాలామంది మానిటర్‌కు చెరో పక్కన, గోడకు ఆనించి, ముఖాలు నేరుగా గది వైపు పెట్టి వదిలేస్తారు. అలా చేయకు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కోదాని నుంచి నీ తలకు కూడా అంతే దూరం ఉండాలి. రెంటి ముఖాలూ కొంచెం లోపలికి, నీ వైపు తిప్పు. ట్వీటరు నీ చెవి ఎత్తులో ఉండాలి. టేబుల్ మీద పెడితే అది నీ ఛాతీ ఎత్తులో ఉంటుంది కాబట్టి ఏదైనా దిమ్మె కింద పెట్టి లేపు, లేదా ముందు వైపు ఎత్తి ముఖం పైకి వాల్చు.

ఇది అందం కోసం కాదు. ధ్వని నీ చెవికి రెండు దారుల్లో వస్తుంది, ఒకటి నేరుగా, ఇంకోటి టేబుల్ పలక మీద పడి ఎగిరి. రెండోది కొంచెం ఆలస్యంగా వచ్చి మొదటిదాంతో కలిసేసరికి కొన్ని స్వరాలు చచ్చిపోతాయి, కొన్ని ఉబ్బుతాయి. గొంతు గొట్టంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. పలక ఎక్కడ అల్లరి చేస్తుందో కనిపెట్టడానికి ఒక చిన్న అద్దం చాలు. కుర్చీలో మామూలుగా కూర్చుని, స్పీకరుకూ నీకూ మధ్య టేబుల్ మీద అద్దాన్ని పడుకోబెట్టి మెల్లగా జరుపుతూ పో. ఎక్కడ పెడితే అందులో ట్వీటరు కనపడుతుందో, ధ్వని ఎగిరి నీ చెవికి వచ్చేది అక్కడి నుంచే. ఆ చోట మందపాటి గుడ్డ పరిచి విను, తర్వాత స్పీకరును లేపి విను. లేపడమే ఎక్కువ ఫలితం ఇస్తుందని నువ్వే అంటావు. మా ఆఫీసులో నేను లేపింది నాలుగు వేళ్ల ఎత్తు. ఆ మధ్యాహ్నం వెనక్కి తిప్పి మళ్లీ విన్న మాటలు సగానికి సగం తగ్గాయి.

గోడకు కనీసం జానెడైనా దూరం ఉంచు. గోడ దగ్గరయ్యే కొద్దీ కింది స్వరాలు పెరుగుతాయి, మూలకు నెడితే ఇంకా పెరుగుతాయి. వెనకాల గాలి రంధ్రం ఉన్న స్పీకర్లైతే గోడకు ఆనించడం అసలు కుదరదు. నీ గదిలో జరపడానికి చోటు లేకపోతే రంధ్రం ముందు వైపు ఉన్నవి తీసుకో. స్పీకరు కింద మెత్తటి రబ్బరో స్పాంజీయో వేస్తే టేబుల్ దానితో పాటు అదరడం మానేస్తుంది.

అన్నీ సర్దాక ఒక మనిషి మాట పెట్టి కళ్లు మూసుకో. గొంతు కుడి నుంచీ కాదు, ఎడమ నుంచీ కాదు, రెంటికీ నడిమధ్య ఏమీ లేని చోటు నుంచి రావాలి. అక్కడ ఎవరో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండాలి. ఒక పక్కకి లాగితే దూరాలు సరిచూడు. గొంతు ఎక్కడిదో తెలియకుండా తల చుట్టూ పరుచుకుని, బరువు లేకుండా పీలగా ఉంటే, ఒక స్పీకరుకు ఎర్ర వైరూ నల్ల వైరూ తారుమారయ్యాయని అర్థం. ఒక కోను ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతూ ఉంటుంది. మొదట్లో నాకు ఇది తెలియక మూడు రోజులు స్పీకర్లనే తిట్టుకున్నాను.

బ్లూటూత్ ఉందని సంబరపడి వైరు మానేయకు. నువ్వు చేసేది వీడియో పని. బ్లూటూత్‌లో ధ్వని కాస్త వెనకబడుతుంది, పెదాలకూ మాటకూ పొంతన కుదరక నువ్వు లేని తప్పు సరిదిద్దుతూ కూర్చుంటావు. గుయ్యిమని సన్నటి మోత వస్తే కంప్యూటరునూ స్పీకర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడు, చాలాసార్లు పోతుంది. కంప్యూటర్లో వాల్యూమ్ ముప్పాతిక పైన ఉంచి, పెంచడం తగ్గించడం స్పీకరు నాబ్‌తో చెయ్యి, సర్రుమనే చప్పుడు అణుగుతుంది. అందుకే నాబ్ ముందు వైపు ఉండాలి. రోజుకు ఇరవై సార్లు స్పీకరు వెనకాల చెయ్యి పెట్టి తడుముకోలేవు.

కొన్నిటికి కాసేపు చప్పుడు లేకపోతే తామే నిద్రపోయే ఏర్పాటు ఉంటుంది. కరెంటు ఆదా నిజమే కానీ, లేచేటప్పుడు మొదటి అక్షరాన్ని తినేస్తాయి. ‘నమస్కారం’ అన్నది ‘స్కారం’ అని వినపడుతుంది. కొనే ముందే దాన్ని ఆపే వీలుందో లేదో కనుక్కో.

రాత్రిపూట సౌండ్ తగ్గించాక బేస్ పోయిందని బెంగపడకు, స్పీకరు పాడవలేదు. తక్కువ మోతలో మన చెవికే కింది స్వరాలు సరిగా అందవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. రాత్రికి బేస్ ఒక మెట్టు పెంచుకో, పొద్దున తగ్గించడం మరిచిపోకు. మరిచిపోతే నీ ఎడిటింగ్ అంతా బేస్ తక్కువై వెళ్తుంది.

చెవుల గురించి మాత్రం అమ్మగా గట్టిగానే చెప్తున్నాను. పెద్దవాళ్లకు వారంలో 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా పరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నీ పని గంటలే దాదాపు అంత. ఎవరైనా నీ పక్కకి వచ్చి మామూలు గొంతుతో పిలిస్తే పాట ఆపకుండానే నీకు వినపడాలి. వినపడకపోతే తగ్గించు. సాయంత్రానికి చెవిలో జుయ్యిమంటే ఆ రోజు ఎక్కువైపోయినట్టే, మర్నాడు పెట్టకు.

ఈ ఉత్తరంతో పాటు ఒక రికార్డింగ్ పంపుతున్నాను, రెండు నిమిషాలది. మొదటి నిమిషం నేను చదివాను, రెండో నిమిషం నాన్న. కావాలనే పాటలూ బాటలూ, విశేషాలూ సంతోషాలూ ఉన్న వాక్యాలు రాసుకున్నాను. కొనేటప్పుడు ఇదే పెట్టించుకుని విను. ఇంటికి తెచ్చి సర్దాక ఇంకోసారి పెట్టి, కళ్లు మూసుకుని, మేమిద్దరం ఎక్కడ కూర్చున్నామో నాకు ఫోన్ చేసి చెప్పు.

అమ్మ