కయోటీలు, మా మేకపిల్లలు, ఒక తెల్ల కుక్క

ఒరే రమణా,

రెండు నెలల నుంచి నీతో సరిగా మాట్లాడలేదు, కోపంగా ఉండి ఉంటావు. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మింగేస్తాను, అందుకే కూర్చుని రాస్తున్నా. ఏప్రిల్లో మా మందలో నాలుగు పిల్లలు పోయాయిరా. రోగం రాలేదు, కయోటీలు ఎత్తుకుపోయాయి.

డాలస్‌కి ఉత్తరంగా, షెర్మన్ దాటాక కొన్న ఆ 12 ఎకరాల సంగతి నీకు తెలుసుగా. ఇక్కడ చాలామంది మనవాళ్ళు పన్ను తగ్గుతుందని నాలుగు మేకలు పెడతారు, నేను మాత్రం ఇష్టంతోనే పెట్టాను. 22 తల్లి మేకలు, ఒక పోతు. మార్చిలో వరసగా ఈనాయి, పిల్లలు గంతులేస్తుంటే ఆఫీసు టెన్షన్ అంతా మర్చిపోయేవాణ్ణి.

కయోటీ అంటే మన గుంటనక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది, పన్నెండు పదిహేను కిలోలు తూగుతుంది. ఒకప్పుడు తోడేళ్ళు ఏలిన చోట తోడేళ్ళను చంపేశాక ఇవి నిండాయి, ఇప్పుడు అమెరికాలో హవాయి తప్ప ఇవి లేని రాష్ట్రం లేదు. రెండు అరిస్తే పది అరిచినట్టు వినిపిస్తుంది.

ఆ ఆదివారం పొద్దున దొడ్లోకి వెళ్ళేసరికి ఒక తల్లి మేక కంచె పక్కన నిలబడి అరుస్తూనే ఉంది, పొదుగు నిండి పాలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. పిల్ల వాగు పక్కన పడి ఉంది. పైకి చూస్తే పెద్ద గాయమే లేదు. ఊరకుక్కల పనేమో అనుకుని కౌంటీ వ్యవసాయ ఆఫీసు నుంచి ఒకాయన్ని పిలిపించాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దవడ కింద చర్మం మెల్లగా ఒలిచాడు. లోపల రెండు జతల కోరల గుంటలు, చుట్టూ నల్లగా గడ్డకట్టిన రక్తం. రక్తం అలా గడ్డకట్టిందంటే బతికుండగానే పట్టిందని, చచ్చినదాన్ని వచ్చి తిన్నది కాదని చెప్పాడు. కుక్కలైతే చెవులు, తొడలు, ఎక్కడ దొరికితే అక్కడ చీల్చి పారేస్తాయట, కయోటీ మాత్రం గొంతు పట్టి ఊపిరాడనివ్వదు. కంచె కింది తీగకి బూడిద రంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఐదడుగుల కంచె కట్టించి నిశ్చింతగా పడుకున్నాను నేను, అది దూకలేదురా, వాగు దాటే చోట కింద జానెడు సందు ఉంటే అందులోంచి పాకి వచ్చింది.

పక్క రాంచ్ పెద్దాయన తుపాకీ తెచ్చుకోమన్నాడు. టెక్సస్‌లో కయోటీని చంపడానికి ఫలానా నెలలే అని లేదు, మన జీవాల మీద పడినదాన్ని చంపడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. కోపంలో నేనూ సరే అనుకున్నాను. కానీ తర్వాత చదివిన కొద్దీ మనసు మారింది. 1975లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు లెక్క కట్టి, ఏటా నూటికి 75 చొప్పున చంపుతూ పోయినా ఒక ప్రాంతంలో ఇవి పూర్తిగా పోవడానికి 50 ఏళ్ళు పడుతుందని తేల్చారు. కొన్ని పోతే మిగిలినవి ఎక్కువ పిల్లల్ని పెడతాయి, ఖాళీ అయిన జాగాలోకి ఎక్కడివో కొత్తవి వస్తాయి. ఆ వచ్చేవి మేక రుచి మరిగినవో కావో ఎవడికి తెలుసు? ఒక జంట ఆ చోటు తనదని కాపు కాసుకుంటూ మన మేకల జోలికి రాకుండా ఉంటే, దాన్ని వదిలెయ్యడమే మనకి లాభం. రుచి మరిగినదాన్ని మాత్రం వదలకూడదు, అందులో నాకు రెండో మాట లేదు.

ఇంకో సంగతి నా కళ్ళు తెరిపించింది. యూటాలో పరిశోధకులు కొన్ని కయోటీలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి వదిలితే, పిల్లలు లేని జంటలు గొర్రెపిల్లల్ని చాలా తక్కువ చంపాయట. అంటే వాటి ఆకలి కంటే వాటి పిల్లల ఆకలి పెద్దదిరా. అవి ఏప్రిల్ ప్రాంతంలో పిల్లల్ని పెడతాయి, సరిగ్గా అప్పుడే మన మేకపిల్లలు నెల బిడ్డలు. అందుకే ఈసారి పోతును ఆగస్టులో మందలోకి వదులుతాను, జనవరిలో ఈనితే ఏప్రిల్ వచ్చేసరికి పిల్లలకి మూడు నెలలు నిండుతాయి. చలికి కొట్టంలో గడ్డి మందంగా పరవాలి, అంతే.

కంచె కింద సందులన్నీ మూశాను, బయటివైపు రెండడుగుల వల నేల మీద పరిచి మేకులు కొట్టాను, తవ్వబోతే కాలికి వల తగులుతుంది. నేలకి జానెడు ఎత్తులో ఒక కరెంటు తీగ లాగాను. రాత్రి మందంతా కొట్టం పక్కన వల దొడ్లోకి తోలుతున్నాను, మీ నాన్న పొలాల్లో మంద పెట్టినప్పుడు చుట్టూ వల కట్టేవాడు చూడు, అదే ఇది, కాకపోతే దీంట్లో కరెంటు ఉంటుంది. గాడిదని పెట్టుకోమని కొందరన్నారు, గాడిదకి కుక్క జాతంటే పడదు, తరిమి తరిమి తన్నుతుంది. కానీ మేకల దాణాలో కలిపే మొనెన్సిన్ అనే మందు గాడిద తింటే ప్రాణం పోతుంది. మా దాణాలో అది ఉంది, అందుకని వద్దనుకున్నా.

చివరికి మే నెలలో ఒక గ్రేట్ పైరనీస్ కుక్కని తెచ్చాం, తెల్లగా దూడంత ఉంటుంది, మూడేళ్ళది, పుట్టినప్పటి నుంచి మేకల మధ్యే పెరిగింది. పగలంతా చెట్టు కింద నిద్ర. చీకటి పడగానే లేచి కంచె వెంబడి నాలుగు మూలలా తిరిగి మూత్రం పోసి వస్తుంది, తర్వాత తెల్లవార్లూ మొరుగుతూనే ఉంటుంది. మొదటి వారం మా సునీతకి నిద్ర లేదు, ఇప్పుడు మొరగడం ఆగితేనే లేచి కూర్చుంటోంది. అది వచ్చిన ఆరు వారాల్లో ఒక్క పిల్ల పోలేదు.

దానికి తోడుగా ఎనిమిది వారాల కూనని కూడా తెచ్చాను, అసలు నీకు రాస్తున్నది దీని గురించే. ఇది ఆటకి మేకపిల్లల చెవులు కొరుకుతోంది. రెండేళ్ళు నిండితే గానీ పూర్తిగా నమ్మలేమంటున్నారు ఇక్కడ. అనంతపురం గుట్టల్లో తోడేళ్ళకి ఎదురు నిలిచిన కుక్కల్ని పెంచిన మనిషి మీ నాన్న. బాబాయ్‌ని అడిగి రాయరా, కూనని మందలో ఎప్పుడు వదిలేవాడు, చెవి కొరికితే ఏం చేసేవాడు, తల్లి మేక కుమ్మితే అడ్డం వెళ్ళేవాడా, ఊరుకునేవాడా? ఆదివారం నేనే ఫోన్ చేస్తా, ఆయన్ని పక్కన కూర్చోబెట్టు.

నీ
శీను