చందా కట్టారు, దారి కూడా చూపించండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. గ్రంథాలయం ద్వారా అర్థశాస్త్ర, ఫైనాన్స్ డేటాబేస్‌లను వెతికి పట్టుకోవడంలో మా పరిశోధక విద్యార్థులు పడుతున్న అవస్థను మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల వ్యయంతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందుతున్నాయి. ఇది చిన్న మేలు కాదు.

అయితే, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై తెచ్చిన ఆర్డినెన్సు తర్వాత పల్లె కుటుంబాల అప్పులు ఎలా మారాయో పరిశోధించాలనుకున్న మా విద్యార్థిని ఒకరు గ్రంథాలయం వెబ్‌సైటులో ‘ఈ-రిసోర్సెస్’ పేజీ తెరిస్తే, ప్రచురణకర్తల పేర్లు అక్షరక్రమంలో బారులు తీరి కనిపించాయి. ఏది నొక్కితే బ్యాంకింగ్ వస్తుందో, ఏది నొక్కితే రసాయనశాస్త్రం వస్తుందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. రాత్రి ప్రాంగణం బయటి హాస్టల్ గది నుంచి ప్రయత్నిస్తే, ఒక వ్యాసానికి ముప్పై డాలర్లకు పైగా కట్టమని తెర మీద వచ్చింది. ప్రజాధనంతో అప్పటికే చందా కట్టిన పత్రికలోని వ్యాసమది!

అర్థశాస్త్ర వ్యాసాలను విషయాన్ని బట్టి జెల్ (జర్నల్ ఆఫ్ ఎకనామిక్ లిటరేచర్) సంకేతాలతో వర్గీకరిస్తారని, సూక్ష్మరుణ సంస్థలు జీ21 కిందికి వస్తాయని, ఆ సంకేతం పట్టుకుని అర్థశాస్త్ర వ్యాసాల సూచికలైన రెపెక్‌లో (ఇది ఉచితం) గానీ, చందా ఉన్నచోట ఎకాన్‌లిట్‌లో గానీ వెతకవచ్చని ఆమెకు చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఈ పావుగంట పాఠం గ్రంథాలయంలో జరగవలసింది. అక్కడున్న ఒక్క ఉద్యోగికి, పాపం, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికే పొద్దు చాలడం లేదు.

ఇక పత్రికలు వేరు, గణాంకాలు వేరు. కంపెనీల ఆర్థిక వివరాలు కావాలంటే సీఎంఐఈ (సెంటర్ ఫర్ మానిటరింగ్ ఇండియన్ ఎకానమీ) వారి ప్రోవెస్ వంటి డేటాబేస్ ఉండాలి. పత్రికల కోసం పెట్టిన పథకంలో అవి రావు, విడిగా కొనే స్థోమత మాకు లేదు. రిజర్వు బ్యాంకు గణాంకాల పోర్టల్, జాతీయ నమూనా సర్వేల యూనిట్ స్థాయి (ఒక్కో కుటుంబం వారీ) దత్తాంశం ఉచితమే అయినా, మా గ్రంథాలయం పేజీలో వాటి లింకులు సైతం లేవు.

కాబట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటి తరఫున ప్రోవెస్ వంటి ఒకటి రెండు డేటాబేస్‌లకు ఉమ్మడిగా చందా కట్టించవలసిందిగా, ప్రాంగణం బయటి నుంచి లాగిన్ కావడానికి విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం ఏర్పడిన కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఉమ్మడి లాగిన్ వ్యవస్థ ఇన్‌ఫెడ్‌లో ప్రతి విశ్వవిద్యాలయం చేరేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. గ్రంథపాలకుల ఖాళీలు నింపడం ఆలస్యమైనా, సబ్జెక్టువారీ మార్గదర్శి పేజీ తయారీకి మాత్రం పైసా ఖర్చు లేదు. మా విభాగం వంతు రాసి ఇవ్వడానికి నేను సిద్ధం.

ఆ విద్యార్థిని ఇప్పటికీ వ్యాసాలు దించుకోవడానికి గ్రంథాలయం మూసేలోగా పరుగెత్తుకుని వస్తోంది.

భవదీయుడు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు