మన కోళ్ల తెగులుకి మా ఊరి పేరు

న్యూకాజిల్,
ఫిబ్రవరి 9

నాన్నకు,

నేను బాగానే ఉన్నాను. చలి తగ్గలేదు, అంతే.

పక్క వీధిలో కోళ్లు పోతున్నాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెంటనే మన డేగ పుంజు గుర్తొచ్చింది. మెడ వెనక్కి మెలితిప్పుకుని, ఉన్నచోటే గిరగిరా తిరిగి, పచ్చగా పారుకుని, తెల్లారేసరికి గంప కిందే పోయింది. నువ్వు దిష్టి అన్నావు. నేను నోరెత్తలేదు.

విచిత్రం ఏంటంటే, పుంజుని చంపిన ఆ కొక్కెర తెగులుకి ఇంగ్లీషులో పేరు న్యూకాజిల్ డిసీజ్. ఇంగ్లండులో నేనుంటున్న ఈ ఊరే! 1926లో ఇటు ఈ ఊరి దగ్గరా, అటు ఇండోనేషియాలోని జావాలోనూ కోళ్లు గుంపులుగా చచ్చాయి. డోయల్ అనే పశువైద్య శాస్త్రవేత్త వేరే జబ్బుతో పొరబడకుండా ప్రస్తుతానికి ఉండనిమ్మని ఊరి పేరు పెట్టాడు. వందేళ్లయినా అదే ఉంది. మన పశువుల డాక్టరు గారు రాణిఖేత్ అనేదీ దీన్నే, అది ఉత్తరాఖండ్ కొండల్లో ఊరు. శాస్త్రం పేరులో మాత్రం ఈమధ్య జావాని చేర్చారు.

దీని కుటుంబం పారామిక్సోవైరస్‌లు. మాకు చిన్నప్పుడొచ్చిన తట్టు, చెల్లికొచ్చిన గవదబిళ్లలు, గొర్రెలకొచ్చే పి.పి.ఆర్. తెగులు, కేరళలో నిఫా, అన్నీ ఈ ఇంటివే. తాతయ్య కాలంలో ఎడ్లను ఊడ్చుకుపోయిన ముసర కూడా. టీకాలతో అది 2011 నాటికి భూమ్మీదే లేకుండా పోయింది.

వీటి లోపల ఒంటి పోగు ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ తన వివరమంతా రాసుకున్న రాత, ఉంటుంది, అదీ అద్దంలో రాసినట్టు తిరగేసి. మన కణం దాన్ని నేరుగా చదవలేదు, అందుకే ఆ రాత తిప్పి రాసే పనిముట్టును వైరస్ వెంట తెచ్చుకుంటుంది. కొక్కెర వైరస్ రాతలో మామూలుగా 15,186 అక్షరాలు. దాన్ని ఆరుతో భాగించి చూడు, శేషం రాదు. ఆ పోగుని కప్పి ఉండే ఒక్కో ప్రొటీన్ ముక్క సరిగ్గా ఆరు అక్షరాల్ని పట్టుకుంటుంది, లెక్క తప్పితే నకలు సరిగా రాదు. నాకైతే ఇది తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

పుంజు మెడ ఎందుకు తిరిగిందో కూడా ఇక్కడే అర్థమైంది. ఈ వైరస్ పైన ఎఫ్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది ఒకచోట తెగితేనే వైరస్ కణంలోకి దూరగలదు. లసోటా టీకాలో ఉండే మెత్తటి రకానికి ఆ కోత గొంతులో, పేగుల్లో మాత్రమే పడుతుంది. ముదురు రకానికి ఒళ్లంతా ఎక్కడైనా పడుతుంది, అందుకే మెదడు దాకా పోతుంది.

మరి టీకా వేయించాం కదా అంటావు. నాన్నా, ఏమీ అనుకోకు, ఆ సీసాని నువ్వు మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి తెచ్చావు. అందులో ఉండేది బతికున్న వైరస్, వేడికి చచ్చిపోతుంది. ఈసారి ఫ్లాస్కులో ఐసు వేసి తీసుకురా. కలిపిన మందు గంటలో అవగొట్టు. ఎండలు ముదరకముందే పెద్దవాటికి ఆర్‌2బి అనే టీకా వేయించు. నలతగా ఉన్నవాటికి మాత్రం వేయించొద్దు. చచ్చినవాటిని కాలవలో పారేయకుండా సున్నం చల్లి పాతిపెట్టు. వాటిని ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకోకు, మనుషులకీ కళ్లు ఎర్రబడతాయి.

తెల్లపెట్ట పొదుగు దిగిందా? ఎన్ని పిల్లలో అమ్మచేత చెప్పించు. ఏడో రోజుకి ఒక్కోదాని కంట్లో ఒక చుక్క లసోటా.

నీ
చిన్నోడు