వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ఆ ధరల పట్టిక ఎక్కడుంది?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఆసుపత్రుల్లో చికిత్స ధరల విషయమై ఏడాదిలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు వచ్చింది, రెండోదానికి అదీ రాలేదు, మూడోది పరిశీలనలో ఉందన్నారు. అందుకే ఇలా నలుగురిలో రాయవలసి వస్తోంది, మన్నించండి.

నేను ప్రైవేటు పాఠశాలలో చదువు చెప్పి రిటైరైన మనిషిని. ఆరోగ్యశ్రీకి మాకు అర్హత లేదు, ఉద్యోగుల ఆరోగ్య పథకం వర్తించదు, ఉన్నదల్లా సొంత డబ్బుతో కట్టుకునే బీమా. గత ఏడాది నా భార్యకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ కోసం ఒక ఆసుపత్రికి తీసుకెళితే, కౌంటరులో జబ్బేమిటని అడగకముందే 'క్యాషా, ఇన్సూరెన్సా?' అని అడిగారు. క్యాషయితే డెబ్బై వేలలో అవుతుందన్నవారే, కార్డు చూపించగానే లక్షా ముప్పై వేలకు అంచనా రాసి ఇచ్చారు. జబ్బూ, డాక్టరూ, మంచమూ అవే. బిల్లులో 'అడ్మిషన్ కిట్టు' పేరిట దువ్వెన, సబ్బు, థర్మామీటరు కూడా ఉన్నాయి. ఆ థర్మామీటరు సీలు విప్పకుండా ఇప్పటికీ మా బీరువాలోనే ఉంది, తమరు ఎప్పుడైనా ఇటు వస్తే చూపిస్తాను. ఇలాంటివి తమ లెక్కలోకి రావని బీమా కంపెనీ పంతొమ్మిది వేలు కోసింది. ఆ కోత తేలి డిశ్చార్జి కాగితం చేతికొచ్చేసరికి పొద్దున తొమ్మిదింటికి మొదలైన నిరీక్షణ రాత్రి ఎనిమిదయింది. బీమా కంపెనీలు డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన 2024 నుంచి ఉందని నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

ఆసుపత్రి పెంచిన బిల్లు మరుసటి ఏడు ప్రీమియంగా మా మీదికే తిరిగొస్తుంది. 60 ఏళ్లు దాటినవారికి ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటికే నా ప్రీమియం 24 వేల నుంచి 41 వేలకు చేరింది. ఆ సెప్టెంబరులో 18 శాతం జీఎస్టీ ఎత్తేసినందుకు సంతోషించాం గానీ, పెరిగిన అసలు ప్రీమియం మాత్రం పెరిగినచోటే ఉంది.

బీమా కేంద్రం చేతిలోదని మీ శాఖలో ఎవరిని అడిగినా అంటారు. నిజమే, కానీ రాజ్యాంగం ప్రకారం ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివే కదా? ధరలను అందరికీ కనబడేచోట స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ ప్రదర్శించాలని చెప్పే కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ (ఆసుపత్రుల నమోదు, నియంత్రణ) చట్టపు నిబంధనలు 2012 నాటివి, ఆ చట్టాన్ని మన రాష్ట్రమూ స్వీకరించింది. నేను చూసిన గోడ మీద డాక్టర్ల ఫొటోలున్నాయి, అవార్డులున్నాయి, ఆ పట్టిక ఒక్కటే లేదు. ధర కట్టడం చేతకాదనడానికీ లేదు. కరోనా సమయంలో 2020 జూన్‌లో సాధారణ ఐసొలేషన్‌కు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలని ఇదే రాష్ట్రం జీవో ఇచ్చింది. నా భార్యకు జరిగిన ఆపరేషన్‌కే ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ ధర కట్టి పెట్టుకున్నదీ మీ ప్రభుత్వమే. కర్ణాటక ఒక విశ్రాంత న్యాయమూర్తితో కమిటీ వేయించి 2017లో తన ప్రైవేటు ఆసుపత్రుల చట్టాన్ని సవరించుకుంది, పశ్చిమ బెంగాల్ అదే ఏడాది ఆసుపత్రులపై ఫిర్యాదులు వినే కమిషన్ పెట్టింది. మనం కనీసం లెక్కయినా తీయలేమా?

శాసనసభలోని అన్ని పార్టీల సభ్యులతో ఒక సభా సంఘం వేయండి. ఒకే చికిత్సకు క్యాష్ రోగి దగ్గర ఎంత, బీమా రోగి దగ్గర ఎంత, ఆరోగ్యశ్రీ కింద ఎంత తీసుకుంటున్నారో బిల్లులతో సహా తెప్పించండి. ఐఆర్‌డీఏఐ కార్యాలయం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది, వారిని ఢిల్లీ నుంచి రప్పించే శ్రమ కూడా లేదు. సాక్ష్యం కావాలంటే నా బిల్లు పదకొండు పేజీలూ తీసుకుని నేనే వస్తాను. సంఘం వేయడం కుదరకపోతే ఎందుకు కుదరదో అయినా ఒక్క ముక్క రాయించండి.

మా పాలసీ రెన్యువల్ గడువు మార్చి నెలాఖరు. బడ్జెట్ సమావేశాలూ ఆ రోజుల్లోనే ఉంటాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ