డయాలసిస్‌కి ముందు ఇంట్లోవాళ్ళకీ చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో కిడ్నీ జబ్బుల గురించి వచ్చినప్పుడల్లా ఆ పేజీ చించి దాచుకుంటాను. ఉద్దానంలో ఏం జరుగుతోంది, ఎ.కొండూరు తండాల్లో ఏం జరుగుతోంది, రోగి ఏం తినాలి, ఏం తినకూడదు, అన్నీ రాస్తారు, రాయాల్సిందే. కానీ ఇంట్లో ఒకళ్ళకి కిడ్నీలు పోయాయని తెలిసిన రోజు నుంచి పక్కనుండే మనిషి ఏం చెయ్యాలన్నది మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. ఏడాది పైగా ఆ పనిలో ఉన్నాను, చాలా తప్పులు చేశాను కూడా, అందుకని నేనే రాస్తున్నాను. పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. మా ఆవిడకి 14 ఏళ్ళుగా సుగరు, తర్వాత బీపీ తోడైంది. మోకాళ్ళ నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు ఎన్ని మింగిందో లెక్కలేదు, వాటిని తెచ్చిచ్చింది చాలాసార్లు నేనే, అవి కిడ్నీలకి చేటని అప్పుడు తెలీదు. కిందటి ఏడాది జనవరిలో, కిడ్నీలు ఎంత పాడయ్యాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ 5 దాటింది. డాక్టరు గారు రిపోర్టు చూసి, ముందుముందు డయాలసిస్ అవసరం పడేలా ఉంది, ఇప్పుడే చేతికి ఫిస్టులా చేయించి పెట్టుకోండి, అది పనికొచ్చేలా తయారవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది అన్నారు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. బయట ఇంకా బోలెడుమంది కూర్చుని ఉన్నారు, ఆయన్ని ఏమీ అనలేను. మా ఇద్దరికీ ఆ నాలుగు నిమిషాల్లో డయాలసిస్ అన్న మాట ఒక్కటే వినపడింది. పైగా ఫిస్టులా అంటే మాకు తెలిసింది వేరే, గోడల మీద మొలలు, ఫిస్టులా అని రాసి ఉంటుందే, అది. చేతికి ఫిస్టులా ఏమిటండీ అని తను ఆటోలో అడిగితే, నాకూ తెలియక, ఏదో చిన్న ఆపరేషన్‌లే అన్నాను.

అప్పటికి యార్డులో సీజన్ మొదలైంది. ఫిబ్రవరి నుంచి రోజుకి ఎన్ని వేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయో గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రి పదింటికి గానీ లెక్కలు తేలవు. "సీజన్ అయిపోనివ్వండి, మేలో మీకు సెలవులిస్తారుగా, అప్పుడు చూద్దాం" అంది తను. నిజం చెప్పాలంటే తను ఆ మాట అంటుందనే నేను ఎదురుచూశాను. ఈలోపు చుట్టాలందరికీ తెలిసింది. మా వదిన, అంటే తన అక్కయ్య, ఒక్కసారి డయాలసిస్ పెట్టించుకుంటే అలవాటైపోతుందిట, ఇక మానలేరుట, ఎట్టి పరిస్థితుల్లో వద్దని తెనాలి నుంచి రోజూ ఫోను. మా బావమరిది ఇంకోటి చెప్పాడు, వాళ్ళ వీధిలో ఒకాయనకి నాలుగుసార్లు డయాలసిస్ చేసి ఆపేశారు, తర్వాత ఏదో పొడి వాడితే పూర్తిగా తగ్గిపోయింది అని. ఆ పొడి మేమూ తెచ్చాం. మూడు నెలలు వాడాం. ఎంత పోశామో రాయను, సిగ్గుగా ఉంది.

ఆ వీధి ఆయన సంగతి నాకు తర్వాత డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్ అబ్బాయి విడమరిచి చెప్పాడు. పాము కరిచినా, విషజ్వరం వచ్చినా, విపరీతంగా వాంతులు విరేచనాలు అయినా కిడ్నీలు హఠాత్తుగా ఆగిపోతాయి, అలాంటివాళ్ళకి కొన్నిసార్లు డయాలసిస్ చేస్తే ఈలోపు కిడ్నీలు తేరుకుని మళ్ళీ పనిచెయ్యొచ్చు, అప్పుడు ఆపేస్తారు. ఏళ్ళ తరబడి సుగరుతో, బీపీతో పాడైన కిడ్నీలు అలా తేరుకోవు. పొడులు అమ్మేవాళ్ళకి కావాల్సింది మొదటి రకం వాళ్ళ కథలు, కొనేది రెండో రకం వాళ్ళం. అలవాటైపోవడం అన్న మాటా అంతే, కిడ్నీ చెయ్యాల్సిన పని మిషన్ చేస్తోంది కాబట్టి ఆపలేకపోవడమే తప్ప అది అలవాటు కాదు. ఈ రెండు ముక్కలు జనవరిలో ఎవరైనా మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేది.

ఏప్రిల్లో ఒకరోజు రాత్రి రెండింటప్పుడు లేచి చూస్తే మంచం మీద దిండ్లు పేర్చుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడట్లేదంది. మూడు రోజుల నుంచీ అలాగే ఉందిట, సీజన్లో నన్ను లేపడం ఎందుకని చెప్పలేదుట. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. తెల్లవారేసరికి ఆసుపత్రిలో మెడ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం వేసి, దాని ద్వారానే మొదటి డయాలసిస్ చేశారు. ఫిస్టులా ఉండుంటే ఆ మెడ లైను అవసరమే ఉండేది కాదు. ఆ లైను ఉన్నన్నాళ్ళూ తలస్నానం లేదు, అటువైపు తిరిగి పడుకోవడం లేదు, మూడో వారంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి మిషన్ మీద ఉండగానే చలితో వణికిపోయింది, మళ్ళీ అడ్మిషన్. అప్పుడు చేయించాం ఫిస్టులా, ఎడమ ముంజేతికి. ఏమీ లేదండీ, లోపల ధమనినీ సిరనీ కలిపి కుడతారు, ఆ ఒత్తిడికి సిర లావై గట్టిపడి, వారానికి మూడుసార్లు లావుపాటి సూదులు గుచ్చినా తట్టుకుంటుంది, అంతే సంగతి.

ఆ చెయ్యి సంగతి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు చెయ్యగలిగిన అసలు పని అక్కడే ఉంది. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తియ్యనివ్వకూడదు, బరువు మోయకూడదు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోకూడదు. కుట్టిన చోట వేలు ఆనిస్తే లోపల జుమ్మని తెలుస్తూ ఉంటుంది, రోజూ పొద్దున్నే అది చూడాలి, తెలియకపోతే సాయంత్రం దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఆలస్యమైతే గడ్డకట్టి ఫిస్టులా పోతుంది. మా ఇంట్లో అది చూసే డ్యూటీ నాది. కాఫీ కంటే ముందు అదే. బిగుతు గాజులు కూడా వద్దన్నారు, ఆ చేతికి మొత్తం తీసేసింది. పెళ్ళయి 29 ఏళ్ళు, నేనెప్పుడూ ఆ చేతిని గాజుల్లేకుండా చూడలేదు. ఒక గృహప్రవేశంలో ఎవరో పెద్దావిడ, ముత్తైదువ ఒక చేతికి గాజుల్లేకుండా రావడం ఏమిటమ్మా అని అందరి ముందూ అంది. మా ఆవిడ ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక కుడిచేతికి ఇంకో అరడజను ఎక్కించుకుంది. ఆ పెద్దావిడకి జవాబు నేను చెప్పాల్సింది, భోజనాల హడావుడిలో వినపడనట్టు ఊరుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తుంది.

నీళ్ళ దగ్గర మాత్రం నేను మరీ పోలీసునైపోయాను. రోజుకి ఎంత మూత్రం వస్తోందో దానికి ఇంకో అర లీటరు కలిపి అంతే తాగాలన్నారు, అంటే తనకి మొత్తం మీద 800 మిల్లీలీటర్లు. అందులోనే కాఫీ, చారు, మజ్జిగ, బిళ్ళలు మింగే నీళ్ళు, అన్నీ. గుంటూరు ఎండల్లో. ఇంకో వింత చూడండి, ఒక్కసారి డయాలసిస్‌కి నాలుగు గంటల్లో ఆ మిషన్ గుండా 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు పోతాయిట, మనిషికి మాత్రం గ్లాసు లెక్క. నేను బిందెకి మూత వేశాను, ఫ్రిజ్‌లో సీసాలకి గీతలు పెట్టాను, కొట్టులో ఉండి ఫోన్ చేసి ఎంత తాగావు అని అడిగేవాణ్ణి. యార్డులో కాటా దగ్గర నిలబడి తూకాలు రాసే బుద్ధి ఇంటికి కూడా తెచ్చుకున్నానన్నమాట. ఒక సోమవారం సెంటర్లో బరువు చూస్తే మూడున్నర కిలోలు పెరిగింది. బాత్రూంలో పంపు తిప్పుకుని దోసిలితో తాగుతోంది. ఆ రోజు అంత నీరూ లాగేసరికి పిక్కలు పట్టేసి అరిచింది, బీపీ పడిపోయింది, మిషన్ మధ్యలో ఆపారు. ఇంటికొచ్చి నేను గట్టిగా తిట్టాను. ఆవిడ ఒకే మాట అంది, "మీకు దాహం వేస్తే ఎవర్ని అడుగుతారండీ?" అని.

తర్వాత సెంటర్లో సిస్టరమ్మ చెప్పింది, నీళ్ళు ఆపడం కాదు బాబాయ్, ఉప్పు ఆపండి, దాహం దానంతటదే తగ్గుతుంది అని. అంత తేలిక మాట అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, లేకపోతే చెప్పినా నాకు ఎక్కలేదు. ఇంట్లో ఇద్దరికీ ఒకటే వంట పెట్టాం, ఉప్పు బాగా తగ్గించి, అప్పడాలు, వడియాలు లేకుండా. ఏటా పాతిక కాయలకి తక్కువ లేకుండా ఆవకాయ పెట్టి ఊరంతా పంచే మనిషి, ఈ ఏడు జాడీ కిందకి దించలేదు. (నేను కొట్టులో మధ్యాహ్నం పక్క గుమస్తా డబ్బాలోంచి గోంగూర పచ్చడి తింటున్నాను, ఇది అచ్చయితే ఆవిడకి తెలిసిపోతుంది, తెలియనీండి.) గీతల సీసాలు తీసేశాను. పొద్దున్నే ఒక సీసా తనే నింపుకుంటుంది, ఎప్పుడెంత తాగాలో తనిష్టం. మొన్న మంగళగిరి పానకాల స్వామి దగ్గరికి వెళ్ళాం. స్వామి సగం పుచ్చుకుని సగం వదిలేస్తాడు కదా, మా ఆవిడ ఆ ప్రసాదం ఒక్క చెంచా నోట్లో వేసుకుని, ఇదీ నా సీసాలో లెక్కేనని తనే చెప్పింది.

తిండి విషయంలో ఇంకో రెండు పొరపాట్లు చేశాం. డయాలసిస్‌కి ముందు పప్పు, గుడ్డు తగ్గించమంటారు, మొదలుపెట్టాక మాంసకృత్తులు ఎక్కువ కావాలి, మేం పాత చీటీయే పట్టుకుని కూర్చుంటే మనిషి నీరసించి రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోయింది. ఇప్పుడు రోజూ గుడ్డు తెల్లసొన పెడుతున్నాను. అలాగే ఎవరో మంచి ఉద్దేశంతోనే సోడియం తక్కువుండే ఉప్పు కొనిచ్చారు, అందులో సోడియం బదులు ఉండేది పొటాషియం, కిడ్నీలు లేనివాళ్ళకి మామూలు ఉప్పు కంటే అదే ఎక్కువ ప్రమాదం. బంగాళాదుంప తినాలనిపిస్తే చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చేసి వండుతాను. ఈ వంటంతా నేర్చుకున్నది 55వ ఏట. చారు ఇప్పటికీ కుదరదు.

కిడ్నీ నేనిస్తానన్నాను. 1994 చట్టం ప్రకారం భార్యాభర్తలు దగ్గర బంధువుల లెక్కలోకే వస్తారు. పరీక్షల్లో నాకూ సుగరుందని బయటపడింది, నా కిడ్నీ పనికిరాదన్నారు. అన్నేళ్ళు తనకి సుగరు బిళ్ళలు తెచ్చినవాణ్ణి ఒక్కసారీ నా రక్తం చూపించుకోలేదు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి ఇస్తానంది, మా ఆవిడ ససేమిరా అంది, ఇక చనిపోయినవాళ్ళ అవయవాలు వరసలో ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి ఎదురుచూస్తున్నాం. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, తీసుకునేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. సెంటర్లో కూర్చుంటే నాకు కనపడేదీ అదే. మగ పేషెంటు పక్కన భార్య ఉంటుంది, ఆడ పేషెంటు పక్కన చాలాసార్లు అమ్మో, అక్కో, కూతురో. పక్క మంచం ఆవిడ ఒక్కతే బస్సులో వచ్చి బస్సులో వెళ్తుంది. డయాలసిస్ అయిన రోజు మనిషి ఎంత నిస్త్రాణగా ఉంటుందో దగ్గరుండి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఖర్చు గురించి ఫిర్యాదు లేదు. మేం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవలో డయాలసిస్ ఉచితం, 10,000 పింఛను నెలనెలా ఇంటికే వస్తోంది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటి షిఫ్టు మాది. శంకర్ విలాస్ బ్రిడ్జి పనుల వల్ల పట్టాభిపురం నుంచి ఆటో చుట్టూ తిరిగి వెళ్తోంది, అది అందరి బాధే. మా ఓనరు పుణ్యాన సాయంత్రం లెక్కలు రాసుకోనిస్తున్నాడు, రోజుకూలీ చేసుకునేవాళ్ళు వారానికి మూడు రోజులు పని మానుకుని ఎలా వస్తున్నారో నాకు తెలీదు. లోపల అటెండెంట్లకి చోటు లేదు, మెట్ల మీద కూర్చుంటాం.

నేను అడిగేది కొత్త మిషన్లు కాదు. క్రియాటినిన్ పెరిగిపోతోందని తెలియగానే ఆ ఇంట్లో ఇద్దర్ని, పేషెంటునీ వంట చేసే మనిషినీ, ఒక అరగంట కూర్చోబెట్టి తెలుగులో చెప్పే మనిషి ఒకరు ప్రతి కిడ్నీ విభాగంలో ఉండాలి. ఫిస్టులా ఎందుకు, ఎప్పుడు, హెపటైటిస్ బి టీకా ముందే ఎందుకు వేయించుకోవాలి, ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి రోజుకి నాలుగుసార్లు మార్చుకునే డయాలసిస్ కూడా ఒకటుందని, అది ఎవరికి కుదురుతుందని. ఈ ఇంటి డయాలసిస్ సంగతి మాకు ఎనిమిదో నెలలో తెలిసింది, అదీ మెట్ల మీద పక్కనాయన చెప్తే. ఏళ్ళ తరబడి సూది గుచ్చుతున్న టెక్నీషియన్లకీ, సిస్టర్లకీ ఇదంతా నోటికొచ్చు, చెప్పే తీరికే వాళ్ళకి లేదు.

ఇక మీ పాఠకులకి ఒక మనవి. డయాలసిస్ పేషెంట్‌ని చూడ్డానికి వెళ్ళేటప్పుడు కొబ్బరి బొండాలు, అరటిపళ్ళు, బత్తాయిలు పట్టుకెళ్ళకండి. వాటిల్లో ఉండే పొటాషియం బయటికి పోయే దారి లేక గుండె ఆగే ప్రమాదముంది, మా ఇంట్లో వద్దనలేక తీసుకుని వీధి చివర ఇచ్చేస్తున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు కూడా రాకండి, తను పడుకుని ఉంటుంది. మంగళవారమో గురువారమో రండి, ఖాళీ చేతుల్తో రండి, జబ్బు సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడుతూ ఒక గంట తన దగ్గర కూర్చోండి. ఆ గంటలో నేను వెళ్ళి క్షవరం చేయించుకుని వస్తాను, రెండు నెలలైంది.

ఇట్లు,
ఒక మిర్చి యార్డు గుమస్తా, పట్టాభిపురం, గుంటూరు.