పాత పికప్‌కి కామన్ రైల్ ఇంజన్: దించే ముందు తెలియాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

తండ్రుల నాటి పికప్‌ని వదులుకోలేని కుటుంబాలు విశాఖ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పాత పంపు ఇంజన్ తీయించి, తుక్కుకు వచ్చిన మరో బండి నుంచి కామన్ రైల్ ఇంజన్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే, కంప్యూటర్ నడిపే రకం) వేయించుకోవాలని వాళ్లు గాజువాక ఆటోనగర్‌కి వస్తుంటారు. పొగ తగ్గుతుంది, అరకు ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు లాగుడు బాగుంటుంది, డీజిల్ కలిసొస్తుంది. ఆ కోరిక సబబైనదే. కానీ పని సగంలో ఆగి షెడ్ల ముందు నిలిచిపోయే బండ్లలో ఎక్కువ వాటికి కారణం ఒక్కటే. ఇంజన్ కొంటారు, దాన్ని నడిపించే మిగతా సరంజామా కొనరు. మీ పాఠకుల డబ్బు వృథా కాకూడదని ఈ వివరాలు రాస్తున్నాం.

పాత పంపు ఇంజన్‌కి డీజిల్ అంది, సెల్ఫ్ తిరిగితే చాలు. కామన్ రైల్ అలా కాదు. ఇంజన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్, క్యామ్ సెన్సార్, డీజిల్ ఒత్తిడిని చూసే రైల్ ప్రెషర్ సెన్సార్ నుంచి సరైన సంకేతాలు అందితేగానీ ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇంజెక్టర్లను (డీజిల్ చిమ్మే నాజిళ్లను) తెరవదు. కాబట్టి ఇంజన్‌తో పాటే అదే బండి నుంచి ఈసీఎం, ఒక్క తీగ కూడా కోయని పూర్తి వైరింగ్, రిలే-ఫ్యూజ్ బాక్సు, యాక్సిలరేటర్ పెడల్, ఫిల్టర్ హెడ్, ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకుండా స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉంటే దాని యూనిట్, తాళంచెవి అన్నీ తీసుకోవాలి. తాళంచెవి లేని ఈసీఎం చౌకగా దొరికినా వద్దు. వీలైతే ఆ బండిలో ఇంజన్ నడుస్తుండగా చూసి, ఆ తర్వాతే విప్పించండి.

ఎంపిక విషయంలో మా సలహా: అదే కంపెనీ, అదే కుటుంబపు ఇంజన్ చూసుకోండి. ఉదాహరణకు మహీంద్రా పాత డీఐ ఇంజన్, తర్వాత వచ్చిన కామన్ రైల్ ఎం2డీఐసీఆర్ రెండూ 2523 సీసీ, నాలుగు సిలిండర్లవే. అంతమాత్రాన బోల్టులన్నీ వాటంతటవే కలుస్తాయని అనుకోకుండా బెల్ హౌసింగ్ (ఇంజన్, గేర్‌బాక్సు కలిసే గూడు) రంధ్రాలు, గేర్‌బాక్సు షాఫ్ట్ పళ్లు, ఆ షాఫ్ట్ కొస కూర్చునే పైలట్ బేరింగ్ కొలిచి చూడాలి. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) ఇంజన్ల జోలికి మాత్రం పోవద్దు. సైలెన్సర్ లైనులోని ఫిల్టర్లు, సెన్సార్లు కనిపించకపోతే ఈసీఎం ఇంజన్ బలాన్ని కోసేస్తుంది.

ఎక్కువమంది మరిచిపోయేది ఫ్లైవీల్, అంటే క్రాంక్ చివర తిరిగే బరువైన చక్రం. చాలా కామన్ రైల్ ఇంజన్లలో క్రాంక్ సెన్సార్ గుర్తులు దాని మీదే ఉంటాయి. 60 గుర్తుల చోట రెండు ఖాళీ వదిలి 58 ఉంటాయి, ఆ ఖాళీని బట్టే పిస్టన్ ఎక్కడుందో ఈసీఎం లెక్క కడుతుంది. పాత ఫ్లైవీల్ బిగిస్తే సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. అప్పుడు పంపు మీద అనుమానంతో వేల రూపాయలు పోతాయి. సెన్సార్‌కీ ఆ గుర్తులకూ మధ్య ఎడం సుమారు 1 మిల్లీమీటరు ఉండాలి.

ఇక ట్యాంకు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో పాత ఇనుప ట్యాంకు లోపల తుప్పు, అడుగున నీళ్లు లేకుండా ఉండడం అరుదు. పాత నాజిల్ 200 బార్ చుట్టూ తెరుచుకునేది. కామన్ రైల్లో ఒత్తిడి లోడు మీద 1,000 బార్ దాటుతుంది, చాలా రకాల్లో 1,600 దాకా పోతుంది. ఆ ఒత్తిడిని నిలబెట్టడానికి ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య కొద్ది మైక్రాన్ల ఎడం మాత్రమే ఉంచుతారు. తుప్పు పొడి అక్కడ గీతలు పెడుతుంది. హైప్రెషర్ పంపుకి డీజిలే లూబ్రికేషన్ కాబట్టి నీళ్లు కలిస్తే పంపు అరిగి, ఆ లోహపు పొడి రైల్లోకి, నాలుగు ఇంజెక్టర్లలోకి చేరుతుంది. అంటే ఇంజన్ కోసం పెట్టిన డబ్బులో పెద్ద భాగం మళ్లీ పెట్టాల్సిందే. అందుకే ముందు ట్యాంకు దించి కడిగించండి. లోపల పొరలు ఊడుతుంటే మార్చేయండి. నీటిని వేరుచేసే ఫిల్టర్ కొత్తది వేయాలి. డీజిల్ లైనుకి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వాడకూడదు, దాని జింకు పూత డీజిల్లో కలిసి ఇంజెక్టర్ల దగ్గర పేరుకుంటుంది. రిటర్న్ పైపు ఎక్కడా నలగకుండా ట్యాంకు దాకా వెళ్లాలి.

డీజిల్ లైనులో గాలి తీయడంలో పాత అలవాటు ప్రాణాంతకం. ఇంజన్ తిప్పుతూ నాజిల్ పైపు నట్టు సడలించడం కామన్ రైల్లో ఎప్పుడూ చేయకూడదు. ఫిల్టర్ దగ్గరి చేతిపంపు గట్టిపడేదాకా నొక్కాలి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. లీకు ఉందేమోనని చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి ధార చర్మంలోకి దూరితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎర్త్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు మోసే బండ్ల ఛాసిస్ మీద ఉప్పునీళ్లు, కరిగిన ఐసు నీళ్లు రోజూ కారుతుంటాయి. పైకి బాగానే కనిపించే ఎర్త్ బోల్టు కింద తుప్పు ఉంటుంది. మల్టీమీటర్ ఒక కొస ఇంజన్ బ్లాకుకి, మరో కొస బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులు దాటితే రంగు గీకి కొత్త ఎర్త్ కేబుల్ వేయాలి. లేకపోతే సెల్ఫ్ లాగినప్పుడు ఈసీఎంకి అందే వోల్టేజి పడిపోతుంది. అది ఆగి మళ్లీ మొదలవుతుంటే ఒకరోజు స్టార్టవుతుంది, ఒకరోజు కాదు. ఈసీఎంని క్యాబిన్ లోపల, నీళ్లు తగలని ఎత్తులో బిగించండి. క్రాంక్ సెన్సార్ తీగల మీది షీల్డు కోయొద్దు. మౌంటింగ్ బ్రాకెట్లకు వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ తీగలు, ఈసీఎం ప్లగ్గులు రెండూ తప్పకుండా విప్పాలి.

పాత యాక్సిలరేటర్ కేబుల్ ఇక పనికిరాదు. కొత్త పెడల్ రెండు సంకేతాలు పంపుతుంది. చాలా రకాల్లో ఒకటి రెండోదానికి సగం ఉంటుంది, కాలు పెట్టనప్పుడు సుమారు 0.7, 0.35 వోల్టులు. ఈ లెక్క తప్పితే ఇంజన్ ఐడిల్ మీదే ఉండిపోతుంది. టర్బో ఉన్న ఇంజన్‌కి ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది), దాని గొట్టాలు కూడా తెచ్చుకోవాలి.

వీటన్నిటికంటే ముఖ్యం బ్రేకు. చాలా డీజిల్ బండ్లలో బ్రేక్ బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచే భాగానికి) వాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకే ఉంటుంది. దాని ఆయిల్ పైపు, వాక్యూమ్ గొట్టం కలపకుండా బండిని రోడ్డెక్కించొద్దు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ పనిచేయనట్టే.

చివరిది చట్టం, నిజానికి దీనితోనే మొదలుపెట్టాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పుకి రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి కావాలి. మార్చాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించాలి. చట్టం ఒప్పుకోని మార్పుకి 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా పాలసీలో ఉండేది పాత ఇంజన్ నంబరే. అది మార్పించకపోతే ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అనుమతి చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అది ఏ బండిలోదో చూపే కాగితం లేకుండా ఇంజన్ కొనొద్దు, దొంగబండిది కావచ్చు.

రవాణా శాఖ అధికారులకు మా విన్నపం. ఏ ఇంజన్ మార్పులకు అనుమతి ఇస్తారో, ఏ కాగితాలు కావాలో, ఫీజు ఎంతో తెలుగులో రాసి విశాఖ, గాజువాక కార్యాలయాల బోర్డుల మీద పెట్టండి. అడిగిన చోటల్లా ఒక్కో మాట వినబడుతుండటం వల్లే చాలామంది అనుమతి ఊసెత్తకుండా పని కానిచ్చేస్తున్నారు. పనిచేస్తున్న మెకానిక్‌ల కోసం కంచరపాలెం ఐటీఐలో సాయంత్రం పూట కామన్ రైల్ స్కానింగ్, వైరింగ్ మీద చిన్న కోర్సు పెడితే చేరడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
డీజిల్ మెకానిక్‌లు, ఆటో ఎలక్ట్రీషియన్లు,
గాజువాక, విశాఖపట్నం